కొలతల గదిలో చిన్నమామ

పులివెందులలో మా కోడలు ఇంట్లో కూర్చునే కంప్యూటరు మీద ఉద్యోగం చేస్తుంది. పొద్దున్నే వంట ముగించుకుని గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. ఆ తలుపు వేసుకున్న పాపానికి బంధువులందరికీ మా ఇల్లు గుర్తొస్తుంది. మొన్న మా ఆడబిడ్డ వచ్చింది. కూర్చోకముందే, "యాడ కోడలు? ఒక గ్లాసు టీ పెట్టమను" అంది. పాప పనిలో ఉంది, నేను పెడతాను అన్నాను. "ఇంట్లోనే ఉండాది కదా వదినా, ఇంట్లో ఏం పనిలే" అని తనే పోయి తలుపు దబదబా బాదింది. లోపల ఎవరితోనో మాట్లాడుతున్న పిల్ల మాట మధ్యలో ఆపి, ముఖం మాడ్చుకుని బయటికొచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఆడబిడ్డను నాలుగు మాటలన్నాను. ఆమె అలిగి టీ తాగకుండానే పోయింది. పోతే పోయింది.

ఆ సాయంత్రం కోడలి ఫోనులో, ఏదో వీడియోలో ఎవడో కుర్రాడు చెబుతున్నాడు. ఇంటి నుంచి బాగా పని జరగాలంటే దానికని ఒక గది ఉండాలట. వెలుతురు బాగా పడాలట. వేళలు పెట్టుకోవాలట. ఈ వేళలో నా దగ్గరికి రావద్దని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టాలట. ఎంత నున్నగా చెబుతున్నాడో! వింటుంటే నాకు నవ్వు రాలేదు, రోత పుట్టింది. ఒరే నాయనా, అవన్నీ నాకూ ఉండేవి. చిన్నమామను ఏం చేయాలో చెప్పు, అది చెప్పు ముందు.

నేను పుట్టింది ప్రొద్దుటూరులో. అక్కడే మా వీధిలో ఒక సాయిబుల ఇంట్లో కుట్టు నేర్చుకున్నాను. పెళ్లయి జమ్మలమడుగు వచ్చేటప్పుడు నా మిషను నేను వెంట తెచ్చుకున్నాను. మా ఆయనకు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. షిఫ్టుకు పోయి, తిరిగొచ్చి నిద్రపోవడమే ఆయన సంసారం. అక్కడ మా ఇల్లు వీధి మలుపులో ఉండేది. ముందుగదికి రెండు కిటికీలు, ఒకటి ఇటు వీధిలోకి, ఒకటి అటు వీధిలోకి. ఆ గది చూసిన రోజే ఇది నాది అనుకున్నాను. మిషను కిటికీ పక్కన వేసుకున్నాను. మూలన ఒక పాత చీర తెరగా కట్టి, దాని వెనక కొలతలు తీసేదాన్ని.

ఆ గదికి ఒక కట్టు పెట్టాను. మిషను తిరుగుతున్నంతసేపు మగవాడు అడుగు పెట్టకూడదు. మా ఆయన కూడా పక్కసందులో నుంచి వంటింటి తలుపు గుండా వచ్చేవాడు. మొదట్లో సణిగాడు. "నా ఇంట్లోకి నేను దొంగ మాదిరి రావల్లనా?" అన్నాడు. "ఈ గదిలో పైట తీసి నిలబడేది నీ అక్కచెల్లెళ్ల లాంటోళ్లు. నువ్వొస్తే వాళ్లు యాడ దాక్కోవాల?" అన్నాను. నోరు మూసుకున్నాడు. మంచివాడే. ఆ మంచితనమే తర్వాత నా ప్రాణం తీసింది.

ఆ రోజుల్లో మా ఊళ్లో పార్టీ లేనిది ఏదీ లేదు. టీ అంగడికి పార్టీ, మంగలి అంగడికి పార్టీ, చివరికి మందులంగడికీ పార్టీ. జ్వరం వస్తే మాత్ర యాడ కొనాలో ముందు ఆలోచించుకోవాలి. ఈ వర్గం వాళ్లు ఆ వర్గం వాళ్ల వీధిలో నడిచేవాళ్లు కాదు. నా కొలతల గదికి మాత్రం పార్టీ అంటలేదు. ఇటువాళ్ల పెద్దకోడలు, అటువాళ్ల చిన్నచెల్లెలు ఒకే చాప మీద కూర్చుని వాళ్ల వంతు కోసం ఎదురుచూసేవాళ్లు. మొగుళ్లు చూస్తే నరుక్కుంటారు, వీళ్లేమో ఒకరి చీర అంచు ఒకరు పట్టుకుని "యాడ కొన్న్యావు, బలే ఉండాదే" అనుకునేవాళ్లు. వాళ్లను చూస్తే నాకు ముచ్చటగా ఉండేది.

మా వీధిలోనే ఒక టీచరమ్మ ఉండేది. ఆమె అన్న అవతలి వర్గంలో గట్టి మనిషి. ఆమె నేను కుట్టిన జాకెట్టు తప్ప వేసుకునేది కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే చేయి ఎత్తి చూపించేది, చూడు, చంక కింద ఒక్క ముడత ఉండదు అని. ఆడవాళ్లు దూరం నుంచే చూసి, ఇది మలుపింటామె కుట్టు అని చెప్పేవాళ్లు. మలుపింటామె అంటే నేను. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం నగ పెట్టుకున్నా కలగలేదు. ఆ గది, ఆ పని, ఆ పేరు, అంతే నా ఆస్తి. దాచుకోవడం ఎందుకు, మొగుడు పిల్లల కంటే ఒక పిసరు ఎక్కువే ఇష్టం నాకు అవి.

నాకు తోడు పక్కింటి చెల్లెలు. చెల్లెలంటే తోడబుట్టింది కాదు, సాయిబుల పిల్ల. మొగుడు కువైట్‌లో ఉండేవాడు. నేను కుట్టి పడేస్తే ఆమె చేతికుట్టు వేసి, హుక్కులు కుట్టి ఇచ్చేది. మిషను తొక్కడం మాత్రం రాదు. నేర్చుకో అంటే, "నాకు భయమక్కా, యాడ యేలు సూది కిందికి పోతాదో" అనేది. నోరు మాత్రం ఆగేది కాదు. ఆమె మాటలకు నవ్వలేక కళ్లనీళ్లు వచ్చేవి మాకు.

ఇంత చక్కగా సాగుతున్న ఇంట్లోకి చిన్నమామ వచ్చాడు.

మా ఆయనకు చిన్నాయన, నాకు చిన్నమామ. పెద్దముడియం దిక్కు పల్లె. సేద్యం ఉంది గానీ ఆయన సేద్యం చేయగా ఎవరూ చూడలేదు. తెల్లగుడ్డలు వేసుకుని అక్కడి నాయకుడి వెనక తిరగడమే ఆయన పని. ఎలక్షన్ల కాలం. ఆ పల్లెలో ఒక మనిషిని పట్టపగలు నరికి చంపారు. చంపినవాళ్లలో చిన్నమామ ఉన్నాడా లేడా అని నేను అడిగితే మా ఆయన, "మనకెందుకుమే అయ్యన్నీ" అన్నాడు. ఉన్నా లేకున్నా అవతలివాళ్ల నోట్లో ఆయన పేరు పడింది. చచ్చినవాడి తమ్ముడు ఈయన్ను ఊరికే వదలనని చెప్పి తిరుగుతున్నాడట.

ఒక మధ్యాహ్నం జీపు దిగాడు. వెంట నలుగురు మనుషులు, ఒక గోనెసంచి. "రెండు దినాలుండి పోతాలే పాపా" అన్నాడు. లోపల గదిలో మంచం వేసి, ఫ్యాను పెట్టి, అక్కడ పడుకోండి మామా అన్నాను. ఆయన ఇల్లంతా తిరిగి, నా గదిలోకి వచ్చి, ఈ కిటికీలో నుంచి ఒకసారి ఆ కిటికీలో నుంచి ఒకసారి తొంగి చూసి, "ఈడ బాగుండాది. గాలొస్తాది" అని నా చాప మీద కూలబడ్డాడు. గాలి కోసమే అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఏకై వచ్చినవాడు మేకై కూర్చున్నాడు.

ఇంక చెప్పనక్కరలేదు ఆ గది గతి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి చెబుతాను. పొద్దున లేచింది మొదలు బీడీలు. ఆ బూడిద నా బాబిన్ల డబ్బాలో కొట్టేవాళ్లు. ఆకువక్క నమిలి కిటికీలో నుంచి ఉమ్మితే సగం బయట పడేది, సగం గోడ మీద కారేది. కత్తిరించి పెట్టిన గుడ్డల మీద కాళ్లు చాపుకుని పడుకునేవాళ్లు. ఒక రోజు సంగటి, మాంసం తిని, చేయి కడిగి, ఆ తడిచేయి తుడుచుకోవడానికి వాళ్లలో ఒకడు ఒక పెళ్లికూతురి పట్టు రవిక ముక్క తీసుకున్నాడు. నేను కెవ్వుమన్నాను. "ఏందక్కా, పాతగుడ్డ అనుకుంటి" అన్నాడు, పళ్లన్నీ బయటపెట్టి. ఇంకోరోజు నా కత్తెర కనిపించక వెతుకుతుంటే చిన్నమామ అద్దం ముందు కూర్చుని దాంతో మీసం కత్తిరించుకుంటున్నాడు. ఆ తర్వాత కాలిగోళ్లు కూడా. కుట్టుపని చేసేవాళ్లకు తెలుస్తుంది, గుడ్డ కత్తెరతో కాగితం కత్తిరిస్తేనే మేము ఊరుకోం. కాలిగోళ్లు! థూ! ఇప్పుడు తలుచుకున్నా నోట్లో నీళ్లూరుతాయి, కక్కొచ్చే ముందు ఊరే నీళ్లు.

గోనెసంచి నేను గుడ్డ కత్తిరించే బల్ల కింద పెట్టారు. "ఆ సంచి జోలికి పోగాకు పాపా, కాలు తగలనీగాకు" అన్నాడు చిన్నమామ, పెరుగుచట్టి గురించి చెప్పినంత మామూలుగా. అందులో ఏముందో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలా? నా బిడ్డ ఆడుకునే ఇంట్లో అది బల్ల కింద ఉంది. బిడ్డను రోజూ బడి వదిలాక పక్కింటి చెల్లెలి దగ్గరే ఉంచేదాన్ని.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ వేరే. ఆడవాళ్లు రావడం తగ్గిపోయింది. ఒక కాలేజీ పిల్ల ఓణీ మీదికి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. గడప దగ్గర ఆగిపోయింది. "రా పాపా, రా, కూచ్చో. మేం ఏమనంలే" అని చిన్నమామ చాప మీద జరిగి చోటు చూపించాడు. వెంట ఉన్న నలుగురూ ఇకిలించారు. ఆ పిల్ల "మళ్లొస్తాలే అక్కా" అని పోయింది, మళ్లీ రాలేదు. ఎవరొచ్చినా అదే మాట, మళ్లొస్తాలే. తెర వెనక ఎవరు నిలబడతారు? తెర ఇవతల ఐదుగురు మగవాళ్లు బీడీలు తాగుతుంటే?

పక్కింటి చెల్లెలు గోడ అవతలి నుంచే చెప్పింది. "అక్కా, హుక్కులేసేటియ్యి ఉంటే గోడ మింద నుంచి ఇయ్యి. లోపలికి మాత్రం రాను. మా ఆయన యాడో కువైట్‌లో ఉండాడు. నేను వాళ్ల మధ్యలో కూచ్చుంటే మా అత్త నన్ను బతకనిస్తాదా?" తప్పేముంది ఆమె మాటలో? ఏమీ లేదు.

టీచరమ్మ అయితే వీధిలోనే నిలబడింది. "నా గుడ్డ ఈడికే తెచ్చియ్యి" అంది. చేతులు అతికించడమే మిగిలింది టీచరమ్మా, సాయంత్రానికి అవుతుంది అన్నాను. "మీ ఇంట్లో ఎవరుండారో తెలిసినాక నేను ఆ గుడ్డ ఈడ ఉంచలేను. మా అన్నకు తెలిస్తే నన్ను సంపుతాడు. నీ మింద నాకేం కోపం లేదు" అంది. చేతులు లేని జాకెట్టు, విడిగా ఉన్న రెండు చేతుల గుడ్డలు మడిచి ఆమె చేతిలో పెట్టాను. నా జీవితంలో కుట్టు సగంలో ఉండగా గుడ్డ వెనక్కి ఇచ్చింది అదే మొదటిసారి. ఆ మరుసటి రోజు నుంచి అటువర్గం ఆడవాళ్లు మా వీధి మలుపు తిరగడమే మానేశారు. మా ఇంటికి పార్టీ అంటింది.

ఆ రోజు మా ఆయన షిఫ్టు నుంచి రాగానే వంటింట్లో పట్టుకున్నాను. "మీ చిన్నాయనను పొమ్మని చెప్పప్పా. నా పని పోతాంది" అన్నాను.

"ఎట్ల చెప్పేదిమే? నాయన తమ్ముడు. పానం మీదికొచ్చి మనింటికొచ్చినాడు. పొమ్మంటే రేపు కులంలో తలెత్తుకోవల్లనా వద్దా?"

"నా పానం మీదికొచ్చిండేది కనపడలేదా?"

"నీ పానానికేమాయ? పోతే నాలుగు రోజులు పని పోతాది. ఇంట్లో చేసేదే కదా, యాడికి పోతాది?"

ఇంట్లో చేసేదే కదా! ఫ్యాక్టరీలో ఆయన కూర్చునే చోట నేను పోయి చాప వేసుకుని, బీడీ కాల్చుకుంటూ ఆకువక్క ఉమ్మితే ఆయన పని నడుస్తుందా? నడవదు. కానీ అది ఫ్యాక్టరీ. దానికి గేటు ఉంది, గేటు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు. నాది ఇల్లు. ఇంటికి వచ్చేవాడు చుట్టం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరికీ చెప్పుకోలేను. చిన్నమామది అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న వరస. ఆయన పోషించేది లేదు, నా పని నన్ను చేసుకోనిచ్చేది లేదు.

ఒక రోజు పొద్దున్నే చిన్నమామ నన్ను పిలిచాడు. ముఖం ముడుచుకుని ఉంది. "ఏందిమే, ఈ మధ్య ఆడోళ్లు ఒక్కరూ రావడం లే?" అన్నాడు.

"మీరు ఈడ కూచ్చుంటే ఎట్లొస్తారు మామా?"

"అట్లంటే ఎట్ల? ఆడోళ్లు వొచ్చి పోతాంటారనే కదా నేను ఈడ కూచ్చునింది!"

ఏమంటున్నాడో నాకు మొదట అర్థం కాలేదు. అప్పుడు ఆయనే నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఎదుటివాళ్లు ఆడవాళ్లు ఉన్న చోట చేయి ఎత్తరు. ఈయన వర్గమూ ఎత్తదు. అది రెండు దిక్కులా ఉన్న కట్టుబాటు. పొద్దస్తమానం ఆడవాళ్లు వచ్చిపోయే ఇల్లు ఊళ్లో ఏదని విచారిస్తే మా ఇల్లు దొరికింది. పైగా ఆడవాళ్లలో వాళ్ల మనుషులు కూడా ఉంటారు, బాంబు వేయాలంటే వాళ్ల అక్కచెల్లెళ్ల మీదే పడుతుంది. "ఎంత తెలివిగా ఎంచుకుంటి సూడు" అన్నట్టు నా వైపు చూశాడు. గాలీ లేదు, వెలుతురూ లేదు. నేనూ, నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లూ ఆయనకు ఇసుక బస్తాలలాంటి అడ్డం.

ఆడవాళ్ల మీద చేయి ఎత్తరట! ఎంత నీతి! మొగుణ్ని గడప ముందు నరికి, పెళ్లాన్ని మాత్రం ముట్టకుండా వదిలేస్తారు, బతికినన్నాళ్లు ఏడవడానికి. దానికి మళ్లీ కట్టుబాటు అని పేరు.

"ఇంక ఎవరూ రారు మామా. మీరు పోతే వొస్తారు" అన్నాను.

ఆయన గడ్డం గోక్కుని ఆలోచించాడు. ఆలోచించి అన్న మాట ఇది. "సరే, రాకపోతే మానె. నువ్వు మాత్రం మిషను ఆడిస్తాండు. సప్పుడు నిలపగాకు. వీధిలో పోయేటోళ్లు లోపల ఆడోళ్లుండారు అనుకోవాల."

"కుట్టడానికి గుడ్డ యాడుంది?"

"గుడ్డ ఎందుకే? సప్పుడే కదా కావల్సింది!"

నమ్ముతారో లేదో, నేను ఖాళీ మిషను తొక్కాను. దారం లేదు, గుడ్డ లేదు. సూది లేస్తుంది, పడుతుంది, దాని కింద ఏమీ లేదు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నం దాకా, మళ్లీ అన్నం తిని పొద్దు కూకేదాకా. కాస్త నిలిపితే చాప మీద నుంచి ముసుగు తీయకుండానే, "ఆపినావేంది?" అనేవాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి మామా అంటే, వెంట ఉన్న నలుగురిలో ఒకణ్ని కూర్చోబెట్టాడు. వాడు చక్రం వెనక్కి తిప్పి తొక్కాడు. కొడవలి పట్టే మనిషి, నా చిన్న స్టూలు మీద మోకాళ్లు గడ్డానికి తగిలేటట్టు కూర్చుని, నాలుక బయటపెట్టి మరీ తొక్కాడు. మిగతావాళ్లు పడిపడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా మిషను మీద నాకే అసహ్యం వేసింది ఆ రోజు. అంతకంటే ఏం కావాలి ఒక పనిమంతురాలికి?

మా ఆయనకు చెబితే, "రెండు దినాలు తొక్కు, ఓట్లయిపోతే పోతాడు" అన్నాడు. నేను తొక్కాను. ఎందుకు తొక్కానని ఇప్పుడు కోడలు అడుగుతుంది. ఏం చెప్పేది? ఆ సంచి ఉన్న ఇంట్లో ఎదురు చెప్పడం ఆమె అనుకున్నంత తేలిక కాదు.

తెగింపు ఒక మధ్యాహ్నం వచ్చింది. నేను తొక్కుతూనే ఉన్నాను. వీధిలో ఇద్దరు ఆడవాళ్లు పోతూ మా కిటికీ దగ్గర మాట్లాడుకున్నది నా చెవిన పడింది. "మలుపింటామెకు ఇంత పని యాడిది? పొద్దస్తమానం మిషను ఆడతానే ఉండాది?" అంది ఒకామె. "వాళ్ల పార్టీకి జెండాలు కుడతాండాదంట" అంది రెండో ఆమె.

నా కాళ్లు ఆగిపోయాయి. ఒక్క కుట్టు వేయకుండా పార్టీ కుట్టుమనిషిని అయిపోయాను. మిషను బెల్టు చక్రం మీద నుంచి లాగి పిడికిట్లో పట్టుకున్నాను. చప్పుడు ఆగేసరికి చిన్నమామ దిగ్గున లేచి కూర్చున్నాడు. వెంట ఉన్నవాళ్లు బల్ల కిందికి వంగారు.

"ఏమాయ? ఎవరొచ్చిరి?"

"ఎవరూ రాలే. ఇంక ఆడేది లేదు మామా. మీరు లేసి పోండి."

"ఏందిమే, నోరు లేస్తాంది? నీ మొగుడు రానీ."

"మొగుడు రానక్కర్లే. నేను ఇప్పుడు వీధిలోకి పోయి, ఈ ఇంట్లో ఒక్క ఆడమనిషీ లేదు, అంతా మగోళ్లే ఉండారు అని అరుస్తా. నా బిడ్డనెత్తుకోని మా అమ్మగారింటికి పోతా. అప్పుడు కూచ్చోండి ఈడ, మీకు గాలి బాగొస్తాది."

గడప దాకా పోయాను. చిన్నమామ ముఖం పాలిపోయింది. నాయకుల పక్కన నిలబడి మీసం మెలేసే మనిషి, నా కాళ్లకు అడ్డం వచ్చి, "నిమ్మళించు పాపా, నిమ్మళించు. పోతాంలే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "జీపు బస్టాండు కాడ ఉండాది. ఆడి దాంకా నువ్వు తోడు రా" అన్నాడు.

పీడ వదులుతుందంటే నరకం దాకా అయినా తోడు పోయేదాన్ని. చెంగు చుట్టూ కప్పుకుని నడిచాను. ఆ నలుగురూ గోనెసంచి మోసుకుని వెనక వచ్చారు. ఆయన నా భుజానికి భుజం తగిలేటంత దగ్గరగా నడిచాడు. వీధిలో మలుపు వచ్చినప్పుడల్లా నా అవతలి పక్కకు మారేవాడు. ఎవరైనా ఎదురైతే గొంతు పెంచి, "పిల్లోడు బాగా సదువుతాండాడా పాపా?" అని అడిగేవాడు. ఆయన చెమట వాసన, బీడీ వాసన, నా చీరకు అంటుకున్నాయి. వీధి పొడుగునా గడపల్లో ఆడవాళ్లు నిలబడి చూశారు. టీచరమ్మ కూడా నిలబడి చూసింది. నేను నవ్వబోతే ముఖం తిప్పుకుంది.

జీపు ఎక్కి కూర్చున్నాక ఆయన ముఖంలోకి మళ్లీ రక్తం వచ్చింది. మీసం దువ్వుకుని, "నేనుండబట్టే ఇన్నాళ్లు మీ ఇంటి దిక్కు ఎవడూ కన్నెత్తి సూడలే. అది మర్సిపోగాకు" అన్నాడు. జీపు పోయినాక, దాని దుమ్ములో ఉమ్మేశాను. బస్టాండులో అందరూ చూస్తుండగానే ఉమ్మేశాను.

ఇంటికొచ్చి గది అంతా ఫినాయిలు పోసి కడిగాను. కత్తెర సాన పట్టించాను. తెర ఉతికి కట్టాను. మిషనుకు నూనె వేసి, దారం ఎక్కించి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మరుసటి రోజు రాలేదు, ఆ వారం రాలేదు. నాకు అర్థం కాక పక్కింటి చెల్లెల్ని అడిగాను.

"నువ్వు ఆయన పక్కన నడిసిపోయింది ఊరంతా సూసినారు కదక్కా. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లు సుట్టమొచ్చినాడు, ఆమె ఏం జేస్తాదిలే అనుకునిరి. అడ్డం పెట్టుకోని జీపు ఎక్కించినావు. ఇంక నువ్వు వాళ్ల మనిసివే అంటాండారు. ఆయన వర్గమోళ్లేమో ఈ ఇంటి మింద ఎప్పుడు బాంబు పడతాదో అని బయపడి రావడం లే."

నేను ఆయన్ను తరిమేశానే, తరిమేయడానికే పోయానే అంటే, "నాకు తెలుసక్కా. వాళ్లకెవరు జెప్తారు?" అంది.

ఓట్లు అయిపోయాయి. కొన్నాళ్లకు ఆ రెండు వర్గాల పెద్దలూ రాజీ అయి ఒకే పార్టీలో చేరారు. ఒకే వేదిక మీద ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్నారు. ఆ సభలో చిన్నమామ, ఆయన్ను చంపుతానన్న మనిషి పక్కపక్కనే కుర్చీల్లో కూర్చుని ఒకే సీసాలోని చల్లని పానీయం పంచుకుని తాగారట. మా ఆయన చూసొచ్చి సంబరంగా చెప్పాడు. ఎద్దులు ఎద్దులు పోట్లాడుకుంటే దూడల కాళ్లు విరిగినట్టు, వాళ్లు కలిసిపోయారు, నా చాప ఖాళీగానే ఉంది. చచ్చినవాడి పెళ్లాం పేరు ఆ వేదిక మీద ఎవరూ ఎత్తలేదు. వాళ్ల రాజీ మీద నిప్పులు పడ.

చివరికి దారి చూపింది పక్కింటి చెల్లెలే. ఒక పొద్దున బురఖా కింద ఏదో దాచుకుని వచ్చింది. తీసి చూపిస్తే నాలుగు జాకెట్టు గుడ్డలు, వాటితో పాటు కొలతకని ఆది జాకెట్లు. "నేను కుడతాండా అని చెప్పినానక్కా. నువ్వు కుట్టు, నేను తీసకపోయి ఇస్తా. ఎవరితోనూ అనగాకు" అంది.

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. "నీకు మిషను తొక్కడమే రాదు కదే!"

"వాళ్లకేం తెలుసు? మా ఆయన కువైట్ నుంచి మిషను పంపినాడు, నేర్చుకున్న్యా అని చెప్పినా." గుడ్డలు నా ఒళ్లో పెట్టి, "నీ పేరు జెప్తే గుడ్డ ఇయ్యరక్కా. ఏం జేద్దాం?" అంది.

ఏం చేస్తాం? కుట్టాను. మొదట ఇటువాళ్లవి, తర్వాత అటువాళ్లవి కూడా వచ్చాయి. కిటికీలు రెండూ మూసుకుని, వీధిలోకి చప్పుడు పోకుండా మిషను లోపలి గదిలోకి మార్చుకుని కుట్టాను. దినమంతా చప్పుడు చేసి ఏమీ కుట్టని దాన్ని, చప్పుడు బయటికి వినబడకుండా ఊరంతటికీ కుట్టాను. వచ్చినదాంట్లో ఆమె ఒక్క పైసా ఎక్కువ తీసుకోలేదు, ఆ మాట చెప్పకపోతే నా కళ్లు పోతాయి. ఎవరైనా మెచ్చుకుంటే ఆ మెచ్చుకోలు కూడా మూటగట్టి తెచ్చి నాకే చెప్పేది. అయినా వీధిలో ఆడవాళ్లు "ఇది కువైటామె కుట్టు" అనుకుంటుంటే ఆ మాట నా చెవుల్లో సీసం పోసినట్టే ఉండేది.

చాలా నెలల తర్వాత ప్రొద్దుటూరు పోయాను, దారపు ఉండలు కొనుక్కోవడానికి. అంగడిలో టీచరమ్మ కనిపించింది. వేరే ఊరు కాబట్టో, రాజీలు అయిపోయాయి కాబట్టో తనే పలకరించింది. కనకాంబరం రంగు జాకెట్టు వేసుకుంది. దాన్ని నేను పోయిన వారమే కుట్టాను. చంక దగ్గర ముక్క కుదరక నేనే ఒకసారి విప్పి మళ్లీ అతికించిన జాకెట్టు.

"ఈ చేతులు సూడు ఎట్ల అతికించిందో" అని అలవాటు ప్రకారం చేయి ఎత్తి చూపించింది. "ఒక్క ముడత లేదు. మీ పక్కింటి సాయిబుల పాపే కుట్టింది. ముందర నువ్వు గూడా బాగానే కుట్టేదానివి కదా, యాల మానుకుంటివి? ఊరికే ఇంట్లో కూచ్చుంటే ఏమొస్తాదిమ్మా? ఆమె కాడికి పోయి మళ్లా నేర్చుకో. మంచి మనిషి, నేర్పిస్తాది."

"అట్లనేలే టీచరమ్మా" అన్నాను.

ఆమె చేయి దించింది. భుజం దగ్గర కుట్టు చివర నేను కత్తిరించడం మరిచిన దారప్పోగు ఒకటి వేలాడుతోంది. చేయి చాపి దాన్ని తెంపేశాను.